నీ పేరే ఉండనీ

పదకొండో వారం

పోయిన వారం మనం హేమావతిని పత్తికొండ బస్టాండులో వదిలిపెట్టాం. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో అయిదేళ్ల పావని వేలు. రెండేళ్ల కిందట చేలో పిడుగు పడి భర్త మద్దిలేటి పోయాక ఆమె కరిదొడ్డి విడిచి కల్లూరు చేరింది. అక్కడ పేపరు ప్లేట్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పండగకో పబ్బానికో కూడా అత్తగారి ఊరి ముఖం చూడలేదు. ఇప్పుడు మామ నాగప్ప ఫోన్ చేస్తే వచ్చింది. మద్దిలేటి బతికుండగా కొన్న రెండెకరాలు ఆమె పేరునే రిజిస్టరయ్యాయి. నాగప్ప ఈ ఏడు అందులో ఉల్లి వేశాడు. పీకి చేలో పరిచిన గడ్డ మీద ముసురు పట్టి పంటంతా కుళ్లిపోయింది. సర్కారు నష్టపరిహారం ఇస్తానంది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లు వచ్చి చేలో నిలబడి ఫొటో దిగాలి, వేలిముద్ర వెయ్యాలి.

అయితే హేమావతి వచ్చింది అందుకొక్కదానికే కాదని మనకు తెలుసు. కల్లూరులో షేర్ ఆటో తోలే ఈరేష్‌తో ఆమెకు పెళ్లి ఖాయమైంది. ఆ మాట మామకు ఫోన్లో చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. ఎదురుగా నిలబడి చెప్పాలనుకుంది. చెప్పి, పరిహారమంతా ఆయనకు అప్పగించేసి, ఎవరి సొమ్మూ మీద లేకుండా తేలికైన చేతులతో తిరిగి వెళ్లాలనుకుంది.

నాగప్ప బస్టాండు గేటు పక్కనే ఉన్నాడు. టమాటా బాక్సులు దింపుతున్న లారీ నీడలో, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, వచ్చే ప్రతి బస్సు వైపూ మెడ చాచి చూస్తున్నాడు. "తాతా!" అంటూ పావని అమ్మ వేలు విడిపించుకుని పరిగెత్తింది. నెలా రెణ్నెల్లకోసారి కల్లూరు వచ్చి బొరుగులుండలు చేతిలో పెట్టిపోయే తాత ఆ పిల్లకు బాగా తెలుసు. నాగప్ప మనవరాలిని భుజం మీదికి ఎత్తుకున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. పిల్ల బరువుకు ఒక పక్కకు ఒరిగాడు కానీ దింపలేదు.

"అత్త యెట్లుండాది మామా?" అంది హేమావతి.

"ఉండాది."

అని నాగప్ప ఆటోల వైపు నడిచాడు.

కరిదొడ్డికి ఆటోలో పోతుంటే, ఊరు ఇంకా కనపడక ముందే వాసన వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా రైతులు ఏరిపారేసిన ఉల్లిగడ్డలు కుప్పలుగా పడి ఉన్నాయి. వాటి మీద మేస్తున్న గొర్రెలు కూడా మొహం మొత్తి పక్కకు తిరుగుతున్నాయి.

"ఈ ముసురు నాలుగు దినాలు ముందొచ్చింటే గడ్డ బూమిలో ఉండు," అన్నాడు నాగప్ప. "నాలుగు దినాలు ఎనక వచ్చింటే మార్కెట్లో ఉండు. సరిగ్గా పీకి పరిచినప్పుడే వచ్చె."

ఆ మాటలో ఎవరి మీదా కోపం లేదు. ఇంటికి రావలసిన చుట్టం దారి తప్పాడని చెప్పినట్టు చెప్పాడు.

ఇంట్లో గంగాదేవి లేదు. పొద్దున్నే చేనుకు పోయిందట. గోడలకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. పొయ్యి గట్టు మీద పాలగిన్నె మూతపెట్టి ఉంది. దాని పక్కన పావని చేతికి సరిపోయే చిన్న గ్లాసు బోర్లించి ఉంది. హేమావతి ఆ గ్లాసును చూసి, పాలు పోసి పిల్లకు పట్టి, సంచి మంచం మీద పెట్టింది. మామకు చెప్పడం ఒక ఎత్తు. అత్త ముందు నిలబడడం ఒక ఎత్తు.

వాళ్లిద్దరి మధ్య మాట తెగిపోయింది మండలాఫీసు దగ్గర. పిడుగుపాటుకు సర్కారు ఇచ్చే సాయం కాగితం హేమావతి చేతికిస్తుండగా ఎవరో ఫొటో తీశారు. ఆమె ఆ కాగితాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక గుండెకు ఆనించుకుని నిలబడి ఉంటే, గంగాదేవి అందరినీ తోసుకుంటూ వచ్చి అరిచింది. "నా కొడుకును పెట్టి దుడ్లు తెచ్చుకున్న్యావు గదే!" అని. ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే కుండలో నీళ్లు ముంచుకుంటూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఒక్క మాట కూడా అనుకోలేదు. కొన్నాళ్లకు హేమావతి పిల్లను తీసుకుని బస్సెక్కింది.

చేలో గంగాదేవి గోనెపట్ట మీద కూర్చుని గడ్డలు ఏరుతోంది. మెత్తబడినవి ఒక పక్క, ఇంకా గట్టిగా ఉన్నవి ఒక పక్క. గట్టి గడ్డల కుప్ప పిల్లలాటలో కట్టుకున్న ఇల్లంత ఉంది. నల్లరేగడి తడి ఆరక చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది. ముగ్గురూ గట్టు దిగి రావడం ఆమె చూసింది. చూసి తల దించుకుంది.

"ఏమప్పా," అంది నాగప్పతో. "వచ్చినోళ్లు నీళ్లు తాగినారేమో అడుగు."

"తాగినాం," అంది హేమావతి, మామతో.

"పాపను ఎండలో నిలబెట్టొద్దని చెప్పు."

నాగప్ప ఇద్దరి మధ్యా తలగుడ్డ దులుపుకుంటూ నిలబడ్డాడు. పావనికి ఈ తెర ఏమీ పట్టలేదు. నేరుగా పోయి అవ్వ పక్కన కూర్చుని ఒక గడ్డ తీసి "ఇది మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. గంగాదేవి ఆ చిన్న చేతిని తన చేతిలోకి తీసుకుని, వేలితో గడ్డ మెడ దగ్గర నొక్కించింది. "ఈడ మెత్తగుంటే చెడ్డది నాయనా. గట్టిగుంటే మంచిది." ఆ చేతిని ఆ తర్వాత కూడా కాసేపు వదల్లేదు.

రైతు సేవా కేంద్రం నుంచి నాగలత మేడం స్కూటీ మీద వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. ఎండకు టోపీ పెట్టుకుంది, భుజానికి వేలిముద్ర మిషను ఉన్న సంచి తగిలించుకుంది. గట్టు మీద నిలబడి చేను వైపు ఒకసారి చూసి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది.

"మూడోవంతు పైన పోయిందా లేదా అని చూడమన్నారు మమ్మల్ని," అంది. "ఈడ చూసేదేముంది, వాసనే చెప్తాండాది. హేమావతి ఎవరు?"

"నేనే మేడం."

"రామ్మా, ఆ గడ్డల మధ్యన నిలబడు. నువ్వూ కనపడాల, పోయిన పంటా కనపడాల."

హేమావతి కదల్లేదు. బస్సులో దారంతా మనసులో పేర్చుకుంటూ వచ్చిన మాటలు ఇప్పుడు పైకి తెచ్చుకుంది.

"మేడం, బూమి నా పేరున ఉండాది గానీ సేద్యం మా మామది. నారు ఆయన పోసె, మందు ఆయన కొట్టె. పోయింది గూడా ఆయన కష్టమే. పరిహారం ఆయన ఖాతాలో పడేట్ల రాసుకునేదానికి అయితాదా? నేను ఒప్పుకుంటాండానని సంతకం పెడతా."

నాగలత కొంచెం ఆలోచించింది. "పట్టాదారు ఒప్పుకుంటే సాగు చేసినాయన పేరు పెట్టొచ్చు. నేను పైకి రాసి పంపాల. కొంచెం తిరుగుడు ఉంటాది గానీ అయితాది. పెద్దాయనా, ఆధార్ కార్డు తెచ్చినావా?"

"లేదు," అన్నాడు నాగప్ప.

కార్డు అతని చొక్కా జేబులోంచి సగం పైకి కనిపిస్తూనే ఉంది. అది తెలుసుకుని అరచేత్తో జేబు కప్పుకున్నాడు.

"నా పేరు వద్దు మేడం. ఆయమ్మ పేరే ఉండనీ."

"అట్ల కాదు మామా..."

"వద్దంటే వద్దు."

నాగలత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఊరంతా నా పేరెక్కించు, నా పేరెక్కించు అని నా బండి ఎనకాల పడి తిరుగుతాండారు. మీ ఇద్దరేమో నాకొద్దంటే నాకొద్దు అంటారేమప్పా! నేను గోపన్న చేను చూసుకోని వస్తా. ఆలోపల ఒక మాట మీదికి రండి."

ఆమె పక్క చేలోకి పోయింది. గాలి లేదు. పావని ఏరే గడ్డలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు.

"యాటికి వద్దంటాండావు మామా?" అంది హేమావతి. "పొలం నువ్వు చూసుకుంటాండావు. విత్తనానికి ఎవరి కాడికో పోయి చెయ్యి చాచితివి. ఈ దుడ్లు నీకు రావాల్సినవే గదా."

నాగప్ప గట్టు మీద కూర్చున్నాడు. అతను తొందరగా మాట్లాడే మనిషి కాదు. ఒక మట్టిగడ్డ తీసి వేళ్లతో చిదిమి, ఆ పొడి కింద రాలిపోయేదాకా చూశాడు.

"పరిహారం నా పేరున పడితే, నువ్వు ఈ ఊరికి యాటికి వస్తావు హేమా?"

ఆమె అతని వైపు తిరిగింది.

"పట్టా ఉన్నోళ్లే రావాల, ఏలిముద్ర ఎయ్యాల అని చాటించినప్పుడు ఊరోళ్లందరూ సర్కారును తిట్టుకున్న్యారు. నేను మాత్రం, పోనీలే, పాపను తీస్కరమ్మని ఫోన్ చేసేదానికి నాకొక పని దొరికె అనుకుంటి. పంట పోయిన బాధలో ఉండాల్సినోన్ని, మనిషిని పెట్టి గోడలకు సున్నం కొట్టిస్తి. నవ్వుతారు ఇంటే." అతను తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు ఆడ సంతకం పెట్టినావనుకో, నీకూ మాకూ మధ్యన ఉండే ఆ ఒక్క దారమూ తెగుతాది. ఆ దుడ్లు నాకు వద్దు తల్లీ."

హేమావతి అతని పక్కన కూర్చుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు. ఇప్పుడు చెప్పడం ఎంత కష్టమో కూడా తెలుసు. ఇలా మాట్లాడిన మనిషికి ఆ మాట ఎలా చెప్పడం?

"మామా, నీకొకటి చెప్పాల. అది ఇన్నంక నువ్వే నన్ను ఈ ఊరికి రావద్దంటావేమో."

"చెప్పు."

"కల్లూరులో..."

చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుండిపోయింది.

"ఆ ఆటో పిల్లోడు యా ఊరోడు?"

అడిగింది గంగాదేవి. తల ఎత్తలేదు. చేతులు గడ్డలు ఏరుతూనే ఉన్నాయి. కానీ ఈసారి మాట నాగప్పతో కాదు, నేరుగా కోడలితో.

హేమావతి చటుక్కున అటు తిరిగింది. "నీకెట్ల తెలుసత్తా?" అంది. అత్తా అన్న పిలుపు రెండేళ్ల తర్వాత తన నోటి నుంచి వచ్చిందని అన్నాక గానీ తెలియలేదు.

గంగాదేవి చేతిలో గడ్డను పక్కన పెట్టింది. "పాపా, ఆ గట్టు కాడ మేకపిల్ల ఉండాది చూడుపో. తాళ్లో చిక్కుకున్న్యాదేమో చూసి రాపో," అని పావనిని పంపింది. పిల్ల పోయాక ఒళ్లో మట్టి దులుపుకుంది.

"శ్రావణంలో నేను కల్లూరు వచ్చింటి. మీ మామకు తెలీదు. చెల్లెలింటికి పోతాండానని చెప్పి బస్సెక్కితి. శెనిక్కాయ బుడ్డలు ఇంత మూట కట్టుకుంటి నీకని. ఆ పొద్దు మండలాఫీసు కాడ అన్న మాట ఉండాది గదా, దాన్ని ఎనక్కి తీసుకుందామని వచ్చింటి."

నాగప్ప నోరు తెరిచి భార్యను చూస్తున్నాడు.

"మీ ఫ్యాక్టరీ ఎదురుగ్గా, రోడ్డుకు ఆ పక్కన నిలబడితి. పని ఇడిసిపెట్టినంక నువ్వు బయటికి వస్తివి. ఉగ్గాని బండి కాడ ఆటో నిలబెట్టుకోని ఆ పిల్లోడు ఉండె. పాప సీటు మీద నిలబడి బజ్జి తింటాండె. ఆయప్ప నీతో ఏమనెనో ఏమో. నువ్వు నవ్వితివి. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని, ఒంగి ఒంగి నవ్వితివి."

ఎండలో కళ్లు చికిలించి దూరంగా మేకపిల్ల చుట్టూ తిరుగుతున్న మనవరాలిని చూసింది.

"మద్దిలేటి ఉన్నప్పుడు నా ఇంట్లో గూడా నువ్వు అంత గట్టిగా నవ్విండ్లేదు. అత్త ఇంటాదని బయపడేదానివి. ఇంగ నేను రోడ్డు దాటి వస్తే, నా మొగం చూస్తానే ఆ నవ్వు ఆగిపోతాది గదా. దాటలేదు. బుడ్డలు బస్సులో పక్కనామెకు ఇచ్చేసి ఎనక్కి వస్తి."

"నాకు చెప్పలేదు గదే!" అన్నాడు నాగప్ప.

"నీకు చెప్తే మరుసటి దినమే పోయి ఆ పిల్లోని ఆటోలో తిరిగొచ్చే రకం నువ్వు." తర్వాత కోడలితో అంది. "కోపం రాలేదా అంటే వచ్చె. అబద్ధం యాటికి. బస్సులో నిన్ను తిట్టుకుంటా వస్తి. దేవనకొండ కాడికి వచ్చేసరికి తిట్లన్నీ అయిపోయె. ఆ మింద ఏడుపొచ్చె."

హేమావతి లేచి పోయి అత్త ఎదురుగా, గోనెపట్ట అంచున కూర్చుంది.

"ఆ పిడుగు దుడ్లు నేను ముట్టలేదత్తా," అంది. "పాప పేరున బ్యాంకులో ఏసినా. దాంట్లో నుంచి ఒక్క రూపాయి గూడా..."

"ఆ మాట ఎత్తగాకు." గంగాదేవి తల అడ్డంగా ఊపింది. "లెక్క నేనడగలేదు. ఆ పొద్దు నా కొడుకును నా చేతుల్లోంచి గుంజకపొయినట్లుండె. ఎవర్ని అడగాల? ఆకాశాన్ని అడిగితే పలుకుతాదా? ఎదురుగ్గా నువ్వుండావు. నిన్ను అడిగితి. నువ్వూ వాన్నే పోగొట్టుకున్న్యావని నాకు అప్పుడు తోచలేదు."

హేమావతి ఆమె చేతులు పట్టుకుంది. మట్టితో, గడ్డల రసంతో జిగటగా ఉన్న చేతులు. గంగాదేవి విడిపించుకోలేదు. నాగప్ప మాత్రం లేచి ముఖం అవతలికి తిప్పుకుని, ఎప్పుడో కట్టేసిన గట్టు గండిని కాలితో మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

కాసేపటికి అటు తిరిగే అడిగాడు. "తాగుతాడా?"

"లేదు మామా."

"ఎవరున్న్యారు వానికి?"

"అమ్మ ఒక్కతే. ఈరేష్ అని పేరు. ఆదోని దిక్కునుంచి వచ్చినారు. కార్తీకంలో అహోబిలం పోయి చేసుకుందామన్నాడు. మీకు చెప్పంది చేసుకోనంటి."

నాగప్ప గండి తొక్కడం ఆపాడు. ఆ చేలోనే, అదుగో ఆ తూర్పు గట్టు దగ్గర, కొడుకును ఎత్తుకొచ్చిన చోటు కనిపిస్తూనే ఉంది. ఆయన అటు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నట్టు హేమావతికి అర్థమైంది.

"పాపను బాగా చూస్తాడా?" అన్నాడు.

"ఆయప్ప బుజం మీదనే నిద్రపోతాది మామా."

నాగప్ప తలూపాడు. గంగాదేవి చేతులు మాత్రం కోడలి చేతుల్లోంచి మెల్లగా జారాయి. మళ్లీ గడ్డల కుప్ప వైపు తిరిగి ఏరడం మొదలుపెట్టింది.

"నీ పేరే ఉండనీ," అంది కాసేపటికి. "నువ్వు యెవరింటికి పోయినా ఈ చేను నా కొడుకు నీకిచ్చినది. పరిహారం పడితే నువ్వే తీసుకోని, నీ చేత్తోనే తెచ్చి మీ మామకియ్యి. బ్యాంకులోంచి పంపగాకు. తెచ్చియ్యి."

నాగలత తిరిగొచ్చేసరికి ముగ్గురూ కలిసి గడ్డలు ఏరుతున్నారు. "ఏమైంది, తేలిందా?" అంది.

"ఆయమ్మ పేరే," అన్నారు నాగప్పా గంగాదేవీ ఒక్కసారే.

హేమావతి చేలో నిలబడింది. నాగలత ఫోన్ ఎత్తి, ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇటు జరుగు, అటు జరుగు అంటుంటే గంగాదేవి లేచి వచ్చింది. మట్టిచేతులు తన చీరకే గట్టిగా తుడుచుకుని, కోడలి భుజం మీద జారిన కొంగును సరిచేసింది. నుదుటి మీద పడిన వెంట్రుకలను చెవి వెనక్కి తోసింది. పెళ్లిపీటల మీద కూడా ఆమె ఇలాగే చేసిందని హేమావతికి గుర్తొచ్చి పెదాలు విచ్చుకున్నాయి.

"నవ్వగాకు," అంది గంగాదేవి. "పంట పోయిన ఫొటో ఇది. నవ్వితే పరిహారం రాదు."

నాగలత పకపకా నవ్వింది. నాగప్ప కూడా నవ్వాడు. ముఖాన్ని బిగబట్టి ఉంచడానికి హేమావతి నానా తంటాలు పడింది. రెండు మూడు ఫొటోలు పాడయ్యాక ఒకటి కుదిరింది. మిషను మీద వేలు పెడితే వెంటనే పచ్చదీపం వెలిగింది.

"ఎప్పుడు పడతాదో నేను చెప్పలేను," అంది నాగలత బండి ఎక్కుతూ. "నా పని పైకి పంపేది. పప్పుశనగ ఏసుకునేదానికైనా అందితే మేలు."

ఇంటికొచ్చాక గంగాదేవి జొన్నరొట్టెలు కాల్చింది. హేమావతి పొయ్యి ఎగదోసింది. ఎవరికీ మాటల కోసం వెతుక్కునే పని పడలేదు. పావనికి రొట్టెలో బెల్లం చుట్టి ఇచ్చి, అత్తాకోడళ్లు ఒకే పళ్లెంలో తిన్నారు. ఎర్రకారం ఎక్కువై హేమావతి బుసలు కొడితే గంగాదేవి మజ్జిగ చేతికిచ్చింది. తిన్నాక, "పోయి అంత సేపు పడుకోపో. మొగం పీక్కపొయి ఉండాది," అంది. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం నడుం వాల్చే వీలు ఏనాడూ ఉండదు. మంచం మీద ఒరిగిందో లేదో నిద్ర పట్టేసింది. నిద్రలోకి జారుతుండగా పెరట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పావని తలకు నూనె పెడుతూ అవ్వ ఏదో మెల్లగా చెబుతున్న గొంతూ వినిపించింది. ఎన్నాళ్లకో ఆ ఇల్లు ఇల్లులా ఉందనిపించింది.

లేచేసరికి ఎండ వాలింది. పత్తికొండకు పోయే సాయంత్రం ఆటోకు టైమవుతోంది. కల్లూరులో ఈరేష్ ఎదురుచూస్తుంటాడు. ఇంత నెమ్మదిగా గడిచిందని చెబితే నమ్మడు. ఆ తలపుకే ఆమెకు లోలోపల హాయిగా ఉంది. ముఖం కడుక్కుని సంచి తీసింది. సంచి తేలిగ్గా ఉంది. లోపల తన చీర ఒక్కటే ఉంది. పావని గౌన్లు లేవు.

పెరట్లోకి చూసింది. తెచ్చిన రెండు గౌన్లూ ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి. అంచుల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"పావనీ! బిరీన రా, ఆటో వస్తాది!"

పిల్ల మేకపిల్లను చంకలో ఇరికించుకుని వచ్చింది. ఒంటి మీద కొత్త పావడ, రవిక. తల బిగించి రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టి ఉన్నాయి.

"నేను రాను గదమ్మా," అంది.

"యాటికి రావు?"

"అవ్వ చెప్పింది. నువ్వు అహోబిలం పోయి పెండ్లి చేసుకుంటావంట. నేను ఈడ బడికి పోతానంట. తాత గూడా ఈడనే ఉంటాడు, మేకపిల్ల గూడా ఈడనే ఉంటాది. బడి సార్‌కు అవ్వ చెప్పేసిందంట." పిల్ల మేకపిల్ల చెవిని సర్ది, తల ఎత్తింది. "నన్ను చూసేదానికి నువ్వు అప్పుడప్పుడు వస్తావా అమ్మా?"

హేమావతి చేతిలో సంచి కిందికి జారింది.

వాకిట్లో నాగప్ప నిలువునా ఆగిపోయి ఉన్నాడు. ఆయన ముఖం చూస్తే ఈ మాట ఆయనా ఇప్పుడే వింటున్నాడని తెలుస్తోంది. గడపలో గంగాదేవి నిలబడి ఉంది. చేతిలో దువ్వెన. దాని పళ్ల మధ్య చిక్కుకున్న మనవరాలి వెంట్రుకలు తీస్తూ ఉంది. అబద్ధమని అనలేదు. పిల్ల ఏదో వాగుతోందనీ అనలేదు.

"అత్తా," అంది హేమావతి. "ఇదేంది?"

వీధి చివర ఆటో హారన్ మోగింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"నిన్ను ఆపుతాండానా నేను?" గంగాదేవి గొంతులో కోపం లేదు. మధ్యాహ్నం మజ్జిగ చేతికిచ్చినప్పటి గొంతే అది. "పో. పోయి సుకంగా ఉండు. ఆ నవ్వు నవ్వుకుంటా ఉండు. నీకు ఇంగా పిలకాయలు పుడతారు హేమా."

దువ్వెనలోంచి తీసిన వెంట్రుకలను వేలికి చుట్టుకుంటూ కోడలి కళ్లలోకి చూసింది.

"నా కొడుకుకు పుట్టరు."